చిన్న మాట, పదిహేను నిమిషాలు

సోమవారం పొద్దున మా ఆయన అంట్లు తోమాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అదే మొదటిసారి. నేను స్నానం చేసి వచ్చేసరికి సింకు ఖాళీగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి, సబ్బు నురగ ఇంకా వాటికి అంటుకునే ఉంది. ఇంకో ఇల్లాలైతే మురిసిపోయేదేమో. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే నా ఉద్యోగం అలాంటిది. దేశదేశాల్లో ఆఫీసులున్న కంప్యూటర్ కంపెనీలో హెచ్.ఆర్. నేను. చేర్చుకునే రోజుల్లో చేర్చుకుంటాం, తీసేసే రోజుల్లో తీసేస్తాం. తీసేసే ముందు వారం ఆ మనిషితో మెత్తగా మసలుకోమని మేనేజర్లకు పాఠం చెప్పేది నేనే. ఆరోగ్యం అడగండి, చిన్న చిన్న పనుల్లో సాయం చెయ్యండి అంటాను. మా ఆయన కూడా అదే కంపెనీలో నాలుగో అంతస్తులో మేనేజరు. కిందటేడు నేను పాఠం చెబుతుంటే ముందు వరసలో కూర్చున్నాడు.

"బాగా అలిసిపోతున్నావు. కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండరాదూ?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. నా ముఖంలోకి మాత్రం చూడలేదు.

నా అలసట ఈయనకు ఇవాళే ఎందుకు కనబడింది? పాపకు జ్వరం వచ్చిన మూడు రోజులూ ఒళ్లో పాపతో, చెవిలో మీటింగుతో కూర్చుంటే కనబడలేదు. మీ హెచ్.ఆర్. వాళ్లకు పనేముంది, పుట్టినరోజు కేకులు కోయించడమేగా అని స్నేహితుల ముందు నవ్వినప్పుడు కనబడలేదు. జనాల ఉద్యోగాలు ఊడగొట్టే ఉద్యోగం మనకెందుకమ్మా, వాళ్ల ఉసురు తగుల్తుంది అని మా అత్తగారు నెలకోసారైనా అంటారు. ఆవిడ కొడుకు పళ్లెంలోంచి తలెత్తడు. ఇవాళ కారులో పాటలు కూడా పెట్టలేదు. ఫోను రెండుసార్లు మోగితే రెండుసార్లూ కట్ చేసి, పేరు కనబడకుండా బోర్లించాడు. ఇంకో ఆడమనిషి ఉందేమో అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అదే అయితే బాగుండునని కూడా అనిపించింది.

ఆఫీసులో నా సీట్లో కూర్చోగానే మెయిల్ వచ్చింది, మా పై అధికారి నుంచి. ఆయన మాటల మెత్తదనానికి మేం పెట్టుకున్న పేరు వెన్నపూస. పదిన్నరకు, మూల గదిలో, పదిహేను నిమిషాలు. విషయం: చిన్న మాట.

ఇలాంటి మీటింగుకు 'చిన్న మాట' అని పేరు పెట్టింది నేనే. తొలగింపు అని రాస్తే జనం గగ్గోలు పెడతారని. గదిలో ముందే టిష్యూ పెట్టె ఉంచే పద్ధతీ నాదే. నేను చేసే పనులన్నీ వరసగా రాసిమ్మని పోయిన వారం వెన్నపూస అడిగినప్పుడే గ్రహించాల్సింది. ఎంతమందిని నేను అదే అడగలేదు!

కిందటేడు తీసేసినవాళ్ల జాబితా కూడా నా చేతి మీదుగానే వెళ్లింది. పేరు, వయసు, పని, చివర గమనిక అని ఒక గడి. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టింగు విభాగంలో పనిచేసే ఒకామె పేరుకెదురుగా ఆ గడిలో రాశాను: భర్తకు ఉద్యోగం ఉంది, ఇబ్బంది ఉండదు. మూల గదిలో ఆమెతోనూ అదే అన్నాను. ఆమె ఏడవలేదు. "నాకు ఇబ్బంది ఉండదని ఎవర్నడిగారు మేడమ్?" అంది. నేను టిష్యూ పెట్టె ఆమె వైపు జరిపాను.

పదిన్నరకు వెన్నపూస ముందు మా పాప చదువు గురించి అడిగాడు. తర్వాత కంపెనీ కష్టాలు చెప్పాడు. భార్యాభర్తలిద్దరూ ఉన్నచోట ఒకరినే ఉంచుకుంటున్నామన్నాడు. ఆపైన ఒక కాగితం ముందుకు తోశాడు. నా పేరుతో రాజీనామా. 'వ్యక్తిగత కారణాల వల్ల, ఇష్టపూర్వకంగా.' ఆ వాక్యమూ నేను రాసిందే. దాని కింద సంతకం పడితే కంపెనీ తీసేసినట్టు కాదు, మనిషే వెళ్లిపోయినట్టు. ఎన్ని సంతకాలు చేయించానో!

"మీక్కూడా విశ్రాంతి కావాలని ఉందటగా," అన్నాడు.

"ఎవరన్నారు?"

వెన్నపూస కుర్చీలో సర్దుకున్నాడు. "ముందు మీవారినే అడిగామమ్మా. మిమ్మల్ని కదిలించి బాధపెట్టడం ఎందుకని. మీరే మానేస్తారని శుక్రవారమే చెప్పేశారు."

శుక్రవారం. అంటే శని, ఆదివారాలు నా చేతి వంట తిన్నాడు. ఇవాళ్టి చొక్కా నాతో ఇస్త్రీ చేయించుకున్నాడు. నోరు విప్పలేక అంట్లు తోమాడు. ఒళ్లు మండిపోయింది నాకు. అంతకంటే ఎక్కువగా, ఆ టెస్టింగు ఆమె ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది.

వెన్నపూస టిష్యూ పెట్టె నా వైపు జరిపాడు. నేను సంతకం చెయ్యని ఆ కాగితాన్ని పెట్టె మీద పెట్టి, రెండూ కలిపి ఆయన వైపే తోశాను.

"ఇష్టపడింది ఆయన కదండీ, ఆయన చేతే సంతకం పెట్టించుకోండి," అన్నాను లేస్తూ. "గమనిక గడిలో ఏం రాయాలో నేను చెబుతాను. భార్యకు ఉద్యోగం ఉంది, ఇబ్బంది ఉండదు."