ఏరవతలి ముడి

శుక్రవారం అంగడి రోజున బాసగూడలో ఎమ్మెల్యే ఎక్కడ దొరుకుతాడని ఎవరినడిగినా చింతపండు బుట్టల దగ్గర చూడమనేవారు. అక్కడ కుర్చీ ఉండదు, బల్ల ఉండదు. బోర్లించిన వెదురు బుట్ట మీద బిజ్జా కూర్చుని ఉండేవాడు. భుజాన తుండు, నడుముకు అడ్డాకు తీగ నారతో పేనిన తాడు. రెండుసార్లు గెలిచి భోపాల్ అసెంబ్లీలో కూర్చున్న మనిషి ఇలా బుట్టెక్కి కూర్చోవడమేమిటని రామనాథం మొదట్లో తెగ విసుక్కున్నాడు. విసుక్కోవడానికి ఆయనకు పెద్ద కారణం అక్కర్లేదు లెండి. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

రామనాథంది కిరాణా దుకాణం. తాత చెర్ల వైపు నుంచి ఉప్పు బస్తాలతో వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. రామనాథానికి తెలుగు సరే, హిందీ రాయడం కూడా వచ్చు. బిజ్జాకు దోర్లీ, తెలుగు, గోండీ, హల్బీ అన్నీ నోటికి వచ్చు గాని అక్షరం మాత్రం ఏ భాషలోనూ రాదు. దస్తఖత్ ఒక్కటి నేర్చుకున్నాడు. అందుకని ఎనిమిదేళ్లుగా ఎమ్మెల్యేగారి అర్జీలన్నీ రామనాథమే రాస్తున్నాడు. పైసా తీసుకోడు. కానీ ఆ పని తనదని నలుగురికీ తెలియాలి, అదొక్కటే కోరిక.

ఆ తాడు సంగతి చెప్పాలి. తాళ్లపేరు ఏటికి అవతలి ఊళ్లలో పండుగకు చుట్టాలను పిలవాలంటే కాగితం పంపరు, ముడులేసిన తాడు పంపుతారు. ఇంకా ఎన్ని రోజులుంటే అన్ని ముడులు. రోజుకొకటి విప్పుకుంటూ, ఆఖరిది విప్పిన రోజు బయలుదేరుతారు. బిజ్జా ఆ పద్ధతినే తన కొలువుకు తెచ్చుకున్నాడు. పని అడగడానికి వచ్చిన మనిషి తన చేత్తోనే తాడుకు ముడి వేయాలి. పని అయ్యాక, వేసిన చెయ్యే దాన్ని విప్పాలి. మధ్యలో ఆ పని గురించి భోపాల్‌కు ఉత్తరం పోతే, పోయే ముందు ముడి వేసిన మనిషికి దాన్ని చదివి వినిపించాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ బిజ్జా ఏనాడూ తప్పలేదు.

అసెంబ్లీలో ఒకాయన మీ దగ్గర వివరాలేమైనా ఉన్నాయా అని ఎగతాళిగా అడిగితే, నడుము నుంచి తాడు తీసి చూపించాడట. సభంతా నవ్వింది. నవ్వు ఆగేదాకా నిలబడి, ఒక్కో ముడీ వేళ్ల మధ్య పట్టుకుని ఊరి పేరు, మనిషి పేరు, అడిగిన పని, ఎన్నేళ్లయిందో చెప్పుకుంటూ పోయాడు. పదిహేనో ముడికి వచ్చేసరికి నవ్వినవాళ్లు కాగితాలు సర్దుకుంటూ తల దించుకున్నారు. ఆ సంగతి వచ్చినవాళ్లకల్లా చెప్పేది రామనాథమే. బిజ్జా ముందు మాత్రం ఒక్క మెచ్చుకోలు మాట పెదవి దాటనిచ్చేవాడు కాదు.

అలా విప్పించిన ముడులు చాలానే ఉన్నాయి. చేతిపంపులు వచ్చాయి. చిన్నపిల్లలకు మొదటి ఏడాది వాళ్ల మాటలోనే చెప్పే పంతుళ్లు వచ్చారు. ఏది వచ్చినా మొదట ఏరవతలికే. ఇవతలివాళ్లు సణిగితే బిజ్జా ఒకటే చెప్పేవాడు.

"రోడ్డు ఉన్నోనికి రోడ్డే ఎమ్మెల్యే. లేనోనికి నేను."

ఆ మాట రామనాథానికి నచ్చేది, తన దాకా వచ్చేంతవరకు.

ఆ ఏడు చైత్రంలో బిజ్జా భోపాల్ నుంచి వస్తూనే దుకాణం మెట్టెక్కాడు. నర్సు పోస్టు ఒకటి, రెండు గదుల ఇల్లు ఒకటి మంజూరయ్యాయి. ఏ ఊళ్లోనో సోమవారం లోపల రాసివ్వాలి. వింటున్న రామనాథం చేతిలోని తూకపు రాయి కింద పెట్టేశాడు. కూతురు సావిత్రికి ఐదో నెల. నిరుడు మొదటి కాన్పుకు బీజాపూర్ తీసుకుపోతుంటే వాగు పొంగి బస్సు ఆగిపోయింది. బిడ్డ దక్కలేదు. సావిత్రి దక్కడమే గొప్ప. ఈసారి నెలలు నిండేది భాద్రపదంలో, ఆ వానల్లోనే. నర్సు ఇక్కడే ఉంటే చాలు, ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

"బాసగూడలోనే కదా?" అన్నాడు.

"ఏరవతల ఇప్పగూడల," అన్నాడు బిజ్జా. "భీమే అవ్వ ముడి. తాడుకు మొట్టమొదటిది."

భీమే కోడలు తొమ్మిదేళ్ల కిందట తాళ్లపేరు పొంగిన రోజు నొప్పులు పడుతూ ఒడ్డునే పోయింది. ఆ మరుసటి ఏడు బిజ్జా గెలిచాక మొదటి అంగడికి వచ్చి ఆ ముసలమ్మ ముడి వేసి వెళ్లింది. నర్సు కావాలని అడిగింది. అప్పటినుంచీ అది అలాగే ఉంది.

"నేను నీకు నిరుడే చెప్పాను. సావిత్రి సంగతి నీకు తెలీదా?"

"తెలుసు సావుకారి. నువ్వు చాయ్ తాగుకుంట చెప్పినవ్. ముడి ఎయ్యలే."

రామనాథానికి తల కొట్టేసినట్టయింది. నిజమే, వేయలేదు. అర్జీలు రాసే తాను బుట్టల దగ్గర వరసలో నిలబడి ముడి వేయడమేమిటనుకున్నాడు. ఎమ్మెల్యే చెవిలో వేస్తే చాలదా అనుకున్నాడు.

"ఎనిమిదేళ్లు రాసిపెట్టాను బిజ్జా. ఒక్కసారి నాకోసం."

"వాగు పొంగితే మనకు మూడు దినాలు దారి బందు. వాళ్లకు నాలుగు నెల్లు బందు. రాయి సావుకారి. రెండు గంటల బస్సుకు పోవాలె."

రామనాథం కాగితం తీశాడు.  నున్నగా, ముత్యాల్లాంటి అక్షరాలతో హిందీలో రాశాడు. ఊరి పేరు దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. ఆగి, బాసగూడ అని రాసింది. పైకి చదివేటప్పుడు మాత్రం నోరు ఇప్పగూడ అంది.

బిజ్జా ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. దస్తఖత్ పెట్టలేదు. మడిచి రామనాథం జేబులోనే పెట్టాడు. నడుము నుంచి తాడు విప్పాడు.

"అవ్వకు చదివి వినిపించి రా. వచ్చినంక పెడత."

"ఎప్పుడూ నేను చదివింది విని, నువ్వే పోయి నోటికి అప్పజెప్పి వస్తావు కదా?"

"ఇయాల నువ్వు పో."

ఆ తాడు ఇంతవరకు ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. భార్య వరలక్ష్మి ఎండ మండిపోతోందని వారిస్తున్నా వినకుండా రామనాథం తాడు పట్టుకుని ఏట్లోకి దిగాడు. చైత్రం కాబట్టి నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి. దారి పొడుగునా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ముసలిదానికి హిందీ రాదు. బిజ్జాకు చదువు రాదు. నర్సు వచ్చాక పై అధికారులు మార్చారని చెబితే సరిపోతుంది. కన్నకూతురి కోసం ఎవరైనా ఇంతే చేస్తారు.

ఇప్పగూడ ఒడ్డున భీమే కొడుకు కోస పెద్ద మొద్దును బాడిసతో చెక్కుతున్నాడు. భీమే నీడలో కూర్చుని ఇప్పపువ్వు ఏరుతోంది. రామనాథాన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సావుకారే? ఇరవై ఏండ్లల ఏరు దాటి మా ఊరికి రాలే నువ్వు. ఏంది సంగతి?"

చెప్పాడు. ఆమె లేచి, చేతులు కడుక్కుని వచ్చి తాడు తీసుకుంది. చివరిదాకా తడుముతూ పోయి, ఒక ముడి దగ్గర వేళ్లు ఆపింది. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. నల్లబడి, రాయిలా గట్టిపడిన ముడి అది.

"చదువు."

చదివాడు. ఇప్పగూడ అన్నాడు.

"ఊరు పేరు కాడ ఇంకోపాలి చదువు బిడ్డా."

చదివాడు. కోస బాడిస పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. "నేనూ వింట, మళ్ల చదువు," అన్నాడు. ఈసారి రామనాథం కాగితం దించి నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఎండకు దాహమేసిందనుకుని భీమే సొరకాయ బుర్రతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"దోనె చూసినవా," అంది. "ఏనాటికైనా నర్సమ్మ వస్తదని చెక్కుతాండు. అండ్ల మనిషిని పండుకోబెట్టేంత ఎడల్పు పెట్టమన్న. నా కోడలికి అటువంటిది దొరకలే."

రామనాథం మొద్దు వైపు చూశాడు. నిజంగానే ఒక మనిషి పట్టేంత వెడల్పుంది.

"మీ సావిత్రమ్మకు ఐదో నెలట గదా. నిరుడు బిడ్డ పాయెనంటే మా ఇంట్ల ఆ పూట కుండ పొయ్యెక్కలే. ఈసారి నువ్వు బుగులు పడకు. మీ ఒడ్డున నిలబడి ఒక్క కేక ఎయ్యి. ఏరు ఎంత పొంగనీ, కోస నర్సమ్మను తెస్తడు."

రామనాథం తాడు తిరిగి తీసుకుని ఏట్లోకి దిగాడు. వెనక్కి వస్తూ ఏటి మధ్యలో ఆగిపోయాడు. జేబులో కాగితం గుండెకు అంటుకుని నిప్పులా కాల్చింది. తన ఇంటి దుఃఖానికి ఏరవతల పొయ్యి వెలగలేదు. ఆ కోడలు పోయిన రోజు తాను ఎప్పటిలాగే దుకాణం తెరిచి కూర్చున్నాడు. సిగ్గుతో కళ్లు మూసుకుపోయాయి. కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి నీళ్లలో వదిలాడు.

పరుగులాంటి నడకతో వచ్చేసరికి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బిజ్జా మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. కండక్టర్ గొణుగుతున్నాడు. మోకాళ్ల దాకా తడిసిన రామనాథాన్ని చూశాక బిజ్జా కాలు కిందికి దించి, బస్సును పొమ్మని చెయ్యి ఊపాడు.

"ఇంకో కాగితం రాయాలి," అన్నాడు రామనాథం. "ఇందాకటి దాంట్లో ఊరి పేరు తప్పు రాశాను. తెలిసే రాశాను."

"తెలుసు."

"నీకు చదువు రాదు కదా?"

బిజ్జా వెళ్లిపోతున్న బస్సు వైపు గడ్డం చూపించాడు. దాని నెత్తిన బోర్డు మీద హిందీలో బాసగూడ అని ఉంది. "ఎనిమిదేండ్ల సంది ఆ బోర్డు చూసే బస్సెక్కుతున్న. ఆ ఒక్కటీ ఎట్లుంటదో నాకెరుకే."

 "అక్కడే అడిగి ఉండొచ్చుగా," అన్నాడు రామనాథం.

"అడిగితే నీ చెయ్యి రాస్తది, మనసు రాయదు. అర్జీ రాసేటోనికి మనసు సక్కగ లేకుంటే ఈ తాడుకు విలువేంది? అందుకే అవ్వ కాడికి పంపిన."

రామనాథం అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని మళ్లీ రాశాడు. అక్షరాలు వంకర పోయాయి. బిజ్జా దస్తఖత్ పెట్టి, మరునాటి పొద్దుటి బస్సుకు వెళ్లాడు.

నర్సు ఆషాఢంలో వచ్చింది. భాద్రపదంలో తాళ్లపేరు ఒడ్లు ఒరుసుకుని పారుతుండగా ఒక మిట్టమధ్యాహ్నం సావిత్రికి నొప్పులొచ్చాయి. రామనాథం ఒడ్డున నిలబడి కేక వేశాడు. గాలికి ఆ కేక ఆయన చెవికే సరిగా వినబడలేదు. రెండో కేక వేసేలోపే అవతల దోనె నీళ్లలో దిగింది. ముందు కోస, మధ్యలో నర్సమ్మ, వెనక గొడుగు కింద భీమే. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఏరు తగ్గాక వచ్చిన అంగడికి భీమే చింతపండు బుట్టల దగ్గరికి వచ్చింది. బిజ్జా తాడు విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు. ఎనిమిదేళ్ల చెమట పీల్చిన ముడి ఎంత లాగినా కదల్లేదు. వేసిన చెయ్యే విప్పాలని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ముందుకు రాలేదు. ఆమె చుట్టూ చూసి, వరసలో ఆఖరున నిలబడ్డ రామనాథాన్ని పిలిచింది.

"నా గోర్లు అరిగినయి. నువ్వు విప్పు బిడ్డా."

రామనాథం బిజ్జా వైపు చూశాడు. బిజ్జా తల ఊపాడు. "అట్లనే కానీ అవ్వా," అంటూ రామనాథం ఆ మట్టిలోనే చతికిలబడి, పళ్లతో కొరికి, గోళ్లతో పెకిలించి, చాలాసేపటికి ఆ ముడి విప్పాడు. అంగడి జనమంతా చూస్తున్నారు. ఆయన కళ్లు తుడుచుకోలేదు. తాడు మీద ఆ చోట మెలిక అలాగే ఉండిపోయింది.