బయట వేసిన తాళం

చొక్కాల ఆర్డరు సాయంత్రానికి లారీ ఎక్కాలి. కాజాలు ఇంకా సగం కూడా కాలేదు. కాజాల మిషను మీద కూర్చున్న ఆమె పొద్దుటి నుంచి తల ఎత్తలేదు. పక్క మిషను ఖాళీగా ఉంది. మేస్త్రమ్మ రెండుసార్లు వచ్చి ఆ ఖాళీ కుర్చీ వంక చూసింది. తిట్టాల్సిన మనిషి లేకపోయేసరికి పక్కనున్నవాళ్ళను తిట్టిపోయింది.

ఆ కుట్టు షెడ్డులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. చేసే పనే పేరు. కాజాలామె, కాలర్లామె, కటింగాయన, ప్యాకింగోడు. అలా పిలిచీ పిలిచీ, ఒకరి అసలు పేరు ఒకరికి గుర్తులేని స్థితికి వచ్చారు.

కాలర్లామె మధ్యాహ్నం వచ్చింది. భుజం మీద ఐదేళ్ళ కూతురు చిట్టి. పాప ఎడమ చెంప ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె తన కుర్చీ వైపు పోలేదు. నేరుగా కాజాలామె ముందుకొచ్చి నిలబడింది.

"వదినా, మిషను ఆపి బయటికి రా."

"లారీ వస్తుంది వదినా, ఆ మేస్త్రమ్మ నన్ను నమిలేస్తుంది."

"నమలనీ. నువ్వు రా."

ఆ గొంతు విని కాజాలామె మిషను ఆపింది. మెడలో తాడుకు కట్టిన తాళంచెవి చొక్కాల కుప్పకు తగులుకుంటే విడిపించుకుని లేచింది. ఆ వారం పిల్లల గది వంతు ఆమెది.

పిల్లల గది గురించి చెప్పాలి. షెడ్డు వెనక వరసగా ఉన్న గదుల్లో ఒకటి ఆడవాళ్ళంతా కలిసి అద్దెకు తీసుకున్నారు. పనికి వచ్చేటప్పుడు ఎవరి పిల్లల్ని వాళ్ళు అందులోకి తోసి, బయట తాళం వేసి, ఆ వారం వంతు వచ్చినామె తాళంచెవి మెడలో వేసుకునేది. అన్నం వేళకు తీసేవారు, మళ్ళీ వేసేవారు. తలుపు తీసి ఉంచిన రోజుల్లో ఎవడో దారినపోయేవాడు ఒక పిల్లను బిస్కెట్లు చూపించి సందు చివరిదాకా తీసుకుపోయాడు. అదృష్టం బాగుండి ఎవరో చూశారు. ఆ రోజు నుంచి తాళం. తాళం వేశాక ఆడవాళ్ళు నిశ్చింతగా కుట్టుకున్నారు. భయమంతా సందులోనే ఉందని, తలుపు లోపల అంతా మన పిల్లలేనని అనుకున్నారు. పాపం, వాళ్ళను అనడానికి నాకు నోరు రాదు. ఆ షెడ్డుకు పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టే స్తోమత ఉంది. పెట్టలేదు. ఎవరూ అడగలేదు.

లోపల పిల్లల్ని చూసుకోవడానికి కాజాలామె కొడుకును పెట్టారు. పద్నాలుగేళ్ళవాడు. గదిలో అందరికంటే పెద్ద కనుక పెద్దోడన్నారు. నోట్లో నాలుక లేని పిల్లాడు, బంగారమన్నారు. బడి మాన్పించారు. ఈ తల్లులు కూతుళ్ళను చేతిలో పెట్టి అప్పగించింది వాడికే.

కుళాయి దగ్గరికి వెళ్ళాక కాలర్లామె చెప్పింది. చిట్టి నాలుగు రోజులుగా గదిలోకి పోనని ఏడుస్తోంది. మారాం అనుకుంది. ఇవాళ గుమ్మం పట్టుకుని వదల్లేదు. కొట్టింది. కొడితే నిలబడ్డచోటే పాప బట్టలు తడుపుకుంది. ఇంటికి తీసుకుపోయి స్నానం చేయిస్తుంటే చెప్పింది. పెద్దన్న రహస్యం ఆట ఆడతాడట. చెయ్యి వేయకూడని చోట వేస్తాడట. అమ్మకు చెప్తే అమ్మ నిన్నే కొడుతుందన్నాడట.

"వాడు చెప్పినట్టే కొట్టాను చూడు," అంది కాలర్లామె.

కాజాలామె కుళాయి గట్టు మీద కూలబడింది. "మా వాడా? మా వాడు అట్లాంటి... పాప ఏదో..." అంటూ నీళ్ళు నమిలింది. తల్లి అన్నాక ముందు వచ్చే మాట అదే. కాలర్లామె పాపను భుజం మార్చుకుని వెళ్ళిపోయింది.

కాజాలామె వెళ్ళి గది తాళం తీసింది. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. పెద్దోడు మాత్రం గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. తల్లి మొహం చూడగానే వాడికి అర్థమైపోయింది. వాడికి అర్థమైందని ఆమెకూ అర్థమైంది.

"చిట్టి చెప్పింది నిజమా?"

వాడు తల దించుకున్నాడు.

"నిన్నే. నిజమా కాదా?"

"నిజమే."

ఆమె చెయ్యి లేచింది. ఎందుకో మధ్యలో ఆగింది. అప్పటికే ఆ పూట ఒక దెబ్బ పడింది, తగలకూడని చెంప మీద.

"ఎక్కడ నేర్చావురా ఇది?"

వాడు ఏడుస్తూ, ఆగుతూ చెప్పాడు. పిల్లలు గోల చేయకుండా ఉంటారని ప్యాకింగోడు పాత ఫోనొకటి ఇచ్చాడు. పగలంతా పిల్లలకు బొమ్మలు. అన్నం వేళ పెద్దోణ్ణి గోదాములోకి పిలిచి చూడకూడనివి చూపించేవాడు. "మగాడివి కాదా, సిగ్గెందుకురా" అని నవ్వేవాడు. పెద్దోడి మీద కూడా ఒకసారి...

అక్కడ పిల్లాడి నోరు మూసుకుపోయింది. ఆమె అడగలేకపోయింది. ఇంకా విననక్కర్లేదు కూడా.

"నాకు తెలీదమ్మా, అది తప్పని..."

"తెలీకపోతే చిట్టిని చెప్పొద్దని ఎందుకన్నావు?"

వాడు నేల గీకుతూ అన్నాడు: "నన్ను మళ్ళీ ఈ గదిలో పెట్టకమ్మా. నాకు భయంగా ఉంది."

"ఎవరంటే భయం?"

"నేనంటేనే."

ఎండల ముందు ఒకరోజు వాడు "నేను గదిలో ఉండను, బడికి పోతా" అని గొడవ పెట్టిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఏమైందిరా అని అడగలేదు. పనికి బద్ధకమని నాలుగు తిట్టింది. ఇప్పుడు వాణ్ణి చంపేయాలనిపించింది. ఒళ్ళోకి లాక్కుని దాచేయాలనీ అనిపించింది. రెండూ చేయలేక వాడి పక్కన అలాగే కూర్చుంది.

తర్వాత టీకాలమ్మకు ఫోన్ చేసింది. ఆ నర్సమ్మ అప్పుడప్పుడు గదికి వచ్చి పిల్లలకు టీకాలు వేసేది. "పిల్లలు ఏదైనా చెప్తే ముందు వినండి, కొట్టకండి" అని ఆడవాళ్ళను కూర్చోబెట్టి చెప్తే అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇప్పుడు నర్సమ్మ నవ్వలేదు, తిట్టలేదు. "ఇద్దరినీ రేపు ఆసుపత్రికి తీసుకురండి, విడివిడిగా. పాపకు ముందు. మీ బాబుతో మాట్లాడే డాక్టరమ్మ కూడా ఉంది. ఈ వయసులో దగ్గర కూర్చుని మాట్లాడితే, కనిపెట్టుకుని ఉంటే, చాలామంది పిల్లలు మళ్ళీ ఆ పని చేయరు. దాచిపెడితేనే ముదురుతుంది. కానీ అమ్మా, నేను పైకి, పోలీసులకి చెప్పాలి. చెప్పనని మాటివ్వలేను," అంది.

ఈలోగా సంగతి షెడ్డంతా పాకింది. సాయంత్రం లారీ వెళ్ళాక మేస్త్రమ్మ కటింగ్ బల్ల దగ్గర పెద్దల్ని కూర్చోబెట్టింది. కటింగాయన, ఇద్దరు ముసలి కుట్టుపనివాళ్ళు, కబురు అందుకుని వచ్చిన కాజాలామె అన్నయ్య. ఆమె భర్త లారీ నడుపుకుంటూ ఎక్కడో దూరాన ఉన్నాడు. "బావ ఎలా చెప్తే అలా చెయ్యి" అని ఫోన్ పెట్టేశాడు. కాలర్లామె ఒక మూల కూర్చుంది. చిట్టి ఆమె ఒళ్ళోనే ఉంది. మరెక్కడ వదిలి రావాలి? పెద్దోడు బయట మెట్ల మీద బట్టల సంచితో కూర్చున్నాడు.

"పసిపిల్ల, కల గన్నదో ఏమో," అంది మేస్త్రమ్మ. "పిల్లలన్నాక ఆటల్లో చెయ్యి తగులుతుంది. దానికింత రాద్ధాంతమా? ఆడపిల్ల తల్లివి, నువ్వే గుట్టుగా ఉండాలమ్మా. రేపు దానికి పెళ్ళీ పేరంటం ఉండొద్దా?"

"ఐదేళ్ళ పిల్లకి పెళ్ళేంటమ్మా," అంది కాలర్లామె.

"మాట వరసకి. ఇంకో సంగతి. ఇక్కడ పిల్లల్ని పెట్టి తాళం వేస్తున్నామని బయటికి పొక్కిందనుకో, రేపటి నుంచి షెడ్డే ఉండదు. అందరూ అడుక్కోవాలి."

ఆ మాటకు ముసలివాళ్ళిద్దరూ తలలూపారు. కటింగాయన తీర్పు చెప్పాడు. పెద్దోణ్ణి ఈ పూటే మేనమామ తీసుకుపోతాడు. పాపకు కొత్త గౌను. రేపటి నుంచి గదిలో పిల్లల్ని తన పెద్దకూతురు చూసుకుంటుంది. ఇక ఈ మాట ఇక్కడితో సరి. ఆ కూతురికి పన్నెండేళ్ళు.

అన్నయ్య లేచాడు. "పద చెల్లీ, వాడికి నాలుగు మాటలు చెప్పి పంపించు. బస్సు టైమవుతోంది."

కాజాలామె లేవలేదు.

"అన్నయ్యా, ఇంటి దగ్గర వదినకి చెప్పావా?"

"ఏం చెప్పాలి?"

"వాణ్ణి ఎందుకు తెస్తున్నావో."

"ఇవన్నీ ఆడవాళ్ళకి చెప్పే మాటలా? చదువుకోడానికి వస్తున్నాడని చెప్తా."

"నీ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఒక్కటే గది. వాణ్ణి వాళ్ళ పక్కన పడుకోబెడతావు. పొద్దున్నే మీరిద్దరూ పనికి పోతారు. తాళం వేసే పోతారుగా?"

అన్నయ్య మొహం మాడిపోయింది. "నీ కొడుకు పరువు కాపాడదామని వస్తే నన్నే నిలదీస్తావేమే?"

"నువ్వంటే నాకు కోపం లేదు. కానీ వాణ్ణి పంపను." ఆమె అప్పుడు లేచింది. బల్ల అంచు పట్టుకుంది. "పాప కల కనలేదు. ఆటలో చెయ్యి తగలడం కాదు. చిట్టి చెప్పిందంతా నిజం. నా కొడుకు నా దగ్గర ఒప్పుకున్నాడు. వాడికి అవన్నీ చూపించినవాడు, వాడి మీద చెయ్యి వేసినవాడు ప్యాకింగోడు. అదీ నిజమే."

ప్యాకింగోడు మేస్త్రమ్మ సొంత తమ్ముడు. ఆ సంగతి అక్కడ తెలియని వాళ్ళు లేరు.

మేస్త్రమ్మ గొంతు మెల్లగా అయింది. అరిచినప్పటికంటే ఆ మెల్లని గొంతుకే అందరూ భయపడతారు. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ మిషను మీద రేపు ఇంకొకతె కూర్చుంటుంది."

"కూర్చోనీ. నేను రేపు ఆసుపత్రికి పోతున్నా. టీకాలమ్మకి చెప్పేశా. వాళ్ళు పైకి చెప్తే చెప్పనీ."

"కన్నకొడుకుని నువ్వే పట్టిస్తావా?" అని అన్నయ్య అరిచాడు. "తల్లివేనా అసలు?"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు. మెడలో తాడు తీసి తాళంచెవిని బల్ల మీద పెట్టింది.

"వాడు నన్ను మొదటిసారి అడిగినప్పుడు తల్లిని కాలేకపోయాను. ఇవాళ మళ్ళీ అడిగాడు. ఆ తాళం ఇక నేను వెయ్యను. కటింగన్నా, నీ కూతుర్ని ఆ గదిలో పెట్టకు."

కటింగాయన తాళంచెవి వైపు చెయ్యి చాపబోయి ఆగాడు. మరెవరూ దాన్ని ముట్టుకోలేదు.

ఆమె కాలర్లామె దగ్గరికి వెళ్ళింది. దగ్గరగా పోలేదు, రెండడుగుల దూరంలో నిలబడింది. "క్షమించమని అడగను వదినా. ఏ మొహం పెట్టుకుని అడిగేది?"

"అడగొద్దు," అంది కాలర్లామె. తల ఎత్తలేదు. "నీ కొడుకు నా బిడ్డ కంటపడకూడదు."

"పడడు."

కాజాలామె తలుపు దాటి మెట్ల మీదికి వెళ్ళింది. కొడుకు చేతిలో సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకుంది. మామయ్యతో పోవాలా అని వాడు అడిగాడు. లేదంది. మరి ఎక్కడికి అన్నాడు. నాతోనే అంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆమెకూ తెలియదు.

లోపల చిట్టి తల్లి కొంగు పట్టి లాగింది.

"అమ్మా, అత్త చెప్పింది. నేను అబద్ధం చెప్పలేదంట."

కాలర్లామె చెయ్యి పాప ఎడమ చెంప మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.