ముక్కు మీది తీగ

పన్నెండో మంచం కింద వాంతి కడిగి లేచేసరికి పెద్దక్కకి కళ్లు బైర్లు కమ్మాయి. పొద్దున ఆరింటికి జ్వరాల వార్డులోకి వచ్చిన మనిషి, మధ్యాహ్నమైనా గుక్కెడు నీళ్లు తాగలేదు. వారానికి ఒక్కటే మాస్కు ఇస్తారు. తీసి మళ్లీ పెట్టుకోవాలంటే భయం. అందుకని ఊడ్చే ఆడవాళ్లు నలుగురూ డ్యూటీ దిగేదాకా దాహాన్ని కూడా ఆపుకునేవాళ్లు. మందంగా ఉండే మంచి మాస్కులు డాక్టర్లకే చాలడం లేదట. ఈ పల్చటిది బయట కొనాలన్నా సగం రోజు కూలి.

ఏడో మంచం మీద ఉన్నది ఆమె తోటికోడలు. పది రోజుల కిందటిదాకా ఇదే వార్డులో పక్కపక్కన తడిగుడ్డ పెట్టిన మనిషి. ఇప్పుడు ముక్కుకి గొట్టం.

"అక్కా, ఎందుకిక్కడే నిలబడతావ్? నీకూ అంటుకుంటుంది, పో."

"నోరు మూసుకుని నీళ్లు తాగు. మంచాన పడ్డా పెత్తనం పోలేదు నీకు."

ఆమె నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా పెద్దక్క గ్లాసు పట్టుకునే ఉంది.

గుమ్మం దగ్గర నర్సు ఆపింది. "పెద్దమ్మా, మాటిమాటికీ కళ్లెందుకు ఆర్పుతున్నావ్?"

"నా ఊపిరే కళ్లల్లోకి కొడుతోంది సిస్టరమ్మా."

నర్సు ఆమె ముక్కు మీద వేలు పెట్టి తడిమింది. "ఇక్కడుండే తీగేది?"

"గుచ్చుకుంటోందని తీసేశానమ్మా."

"అయ్యో! అది ముక్కుకి అతికేలా నొక్కుకోవడానికమ్మా. ఇక్కడ సందుంటే నీ గాలి బయటికొచ్చినట్టే బయటి గాలీ లోపలికొస్తుంది."

ఆ తీగకో పని ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మాస్కులిచ్చిన మొదటిరోజే తోటికోడలి ముక్కు ఎర్రగా కందిపోయింది. పెద్దక్కే "ఇలా తే" అని అంచు పళ్లతో కొరికి తీగ లాగేసింది. అది చూసి మిగతా ముగ్గురూ "నాకూ, నాకూ" అంటూ వచ్చారు. పిల్లల కాళ్లలో ముళ్లు తీసినట్టు, అందరివీ ఓపిగ్గా తీసి పారేసింది.

ఇప్పుడామె ఏడో మంచం వైపు చూసింది.

"అయితే దానికి... నా చేతుల్తోనే తెచ్చిపెట్టానా?"

నర్సు అల్మారాలోంచి కొత్త మాస్కు ఒకటి తీసింది. తన ముఖాన ఉన్నదీ అలాంటి పల్చటి మాస్కే. కొత్తదాన్ని మడిచి, చెవుల తాళ్లని మాస్కు అంచు దగ్గర ముడేసి చూపించింది. పక్కన లేచిన మడతని లోపలికి దోపి, పెద్దక్క ముఖానికి తొడిగింది. కేసు షీట్ల కట్టలకి వేసే పెద్ద రబ్బరు బ్యాండ్లు మూడు తెచ్చి ఒకదానికొకటి తగిలించింది. నడిమిది మాస్కు మీదుగా ముక్కునీ గడ్డాన్నీ బిగించి పట్టుకుంది. చివరి రెండూ చెవులకి. పెద్దక్క కళ్లకి గాలి కొట్టడం ఆగింది.

మర్నాడు ఆమే మిగతా ముగ్గురికీ కట్టింది. ఒకామె అద్దంలో చూసుకుని, "దూడ మూతికి చిక్కం కట్టినట్టుందే!" అంది.

"నీకా చిక్కం ఎప్పుడో కట్టాల్సింది, ఆ నోటికి" అంది పక్కనామె.

సాయంత్రానికి చెవుల వెనక చర్మం ఒరుసుకుపోయింది. అయినా ఎవరూ విప్పలేదు.

మూడోరోజు తెల్లవారుజామున తోటికోడలు పోయింది. ఇంటివాళ్లకి ముఖమైనా చూపించలేదు. పెద్దక్క సెలవడిగితే, పెద్దాఫీసరు వస్తున్నాడు కుదరదన్నారు. ఏడో మంచం మీద దుప్పటి తనే మార్చింది. తలగడ గుంటని చేత్తో సరిచేయబోయి, కాసేపు అలాగే వదిలేసింది.

పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. నలుగురూ బకెట్లతో వార్డు ముందు నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మా ఈ వేషాలు? ఫొటోలు తీస్తారు. మా దగ్గర మాస్కుల్లేవని చాటింపు వేస్తారా? తీసెయ్యండి. ఆ బ్యాండ్లు కూడా ఆఫీసువి."

"అవి తీస్తే గాలి దూరుతుంది సార్."

"ఆయన వెళ్లాక పెట్టుకోండి. ఒక్క గంటలో ఎవరూ చచ్చిపోరు."

పదకొండేళ్లుగా ఆయన ఏం చెప్పినా పెద్దక్క "సరే సార్" అనేది. రెండు షిఫ్టులు చెయ్యమన్నా అంతే, జీతం ఆలస్యమన్నా అంతే. ఇప్పుడు బకెట్ కింద పెట్టింది.

"తియ్యను."

"ఏమన్నావ్?"

"తియ్యను సార్. ఒకదాని తీగ నా చేతుల్తో ఊడదీసి, దాన్ని కాటికి పంపాను. ఇంక ఎవరిదీ తియ్యను, తియ్యనివ్వను."

"అయితే రేపట్నుంచి రావక్కర్లేదు." ఆయన మిగతా ముగ్గురి వైపు తిరిగాడు. "మీరు?"

ముగ్గురి చేతులూ చెవుల దగ్గరికి లేచాయి. రబ్బరు మీద వేళ్లు ఆగాయి. కింద గేటు దగ్గర కారు హారన్ మోగింది. మూసిన తలుపు వెనక ఎవరో దగ్గుతూ నీళ్లడుగుతున్నారు. వేళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి.