పండుగ రోజు రెండు అడాప్టర్లు

మే ఇరవై నాలుగు బల్గేరియాలో అక్షరాల పండుగ, తమ లిపిని కొలుచుకునే రోజు. విదిన్‌లో బడిపిల్లలు పూలు పట్టుకుని డాన్యూబ్ నది ఒడ్డుకు ఊరేగింపుగా వెళ్తున్నారు. ఆస్పత్రికి ఆ రోజు మామూలు రోగులు రారు. అందుకే సర్వరు పనికి వెనెతా ఆ రోజునే ఎంచుకుంది. కంప్యూటర్ విభాగంలో ఒకప్పుడు ముగ్గురుండేవారు. ఒకాయన రిటైరయ్యాడు. ఎదుటి కుర్చీలో పద్నాలుగేళ్లు కూర్చున్న తెమెనుగ రెండేళ్ల కిందట జర్మనీలోని లైప్జిగ్‌లో ఉద్యోగం చూసుకుంది. ఇప్పుడు వెనెతా ఒక్కతే. వయసు యాభై ఆరు. కొన్ని రోజులు సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాటయినా మాట్లాడకుండానే ఇంటికి వెళ్తుంది.

ఆస్పత్రిలో తీసిన ఎక్స్‌రే బొమ్మలన్నీ కింది అంతస్తులో ఒక నిల్వ పెట్టెలో ఉంటాయి. సర్వరులో అడాప్టర్లనే రెండు కార్డులు వాటిని తెచ్చి డాక్టర్ల తెరమీద పెడతాయి. ఇంతకాలం ఆ పెట్టె ఎవరు తలుపు తట్టినా తెరిచేది. చలికాలంలో తనిఖీకి వచ్చినవాళ్లు అది చూసి తలలు పట్టుకున్నారు. ఇకమీదట రహస్య పదం తెలిసిన అడాప్టరుకే తలుపు తెరవాలి. సర్వరు వైపు పని వెనెతాది. పెట్టె వైపు పనిని కాంట్రాక్టు సంస్థ ఉద్యోగి లాచెజార్ సోఫియాలో కూర్చునే చేస్తాడు. ఆరేళ్లుగా ఆమెకు అతని గొంతే తెలుసు, మనిషిని చూడలేదు.

పొద్దున రాగానే తెమెనుగకు ఉత్తరం రాయబోయింది. “పండుగ శుభాకాంక్షలు. నువ్వు లేక ఈ గది” అని మొదలుపెట్టి, రెండో వాక్యం చెరిపేసి మొదటిదే పంపింది.

పదింటికి లాచెజార్ ఫోన్ చేశాడు.

“అక్కా, ఒకటో అడాప్టరుకి నా వైపు పెట్టేశా. రెండోదాన్ని ఇప్పుడే ముట్టుకోకు. బొమ్మలు దానిమీదే నడవాలి.”

“నాకు చెబుతున్నావా? నువ్వు పలక పట్టుకుని తిరిగే రోజుల్లోనే నేనిక్కడ వైర్లు లాగాను.”

“అందుకే చెబుతున్నా. పెద్దవాళ్లకి తొందరెక్కువ.”

కొరియరులో వచ్చిన సీలు కవరు చింపి, కాగితం మీది రహస్య పదం కొట్టింది. తెరమీద చుక్కలే పడ్డాయి. పెట్టె తలుపు తెరవలేదు. మళ్లీ కొట్టింది. తెరవలేదు. మూడోసారీ అంతే.

ఇంతలో బల్లమీది ఫోన్ మోగింది. ఎక్స్‌రే డాక్టరు పర్వానోవా.

“వెనెతా, బొమ్మలు నత్తలా వస్తున్నాయి. ఊరేగింపులో పడిపోయిన బామ్మగారు చెయ్యి పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. ఏమన్నా కెలుకుతున్నావా?”

“కెలుకుతున్నానండీ. ఓ అరగంట ఓర్చుకోండి.”

“ఆవిడకి నాకంటే ఓర్పెక్కువలే.”

ఇలాంటి పని పడితే వెనకటికి ఒకరు చదివేవారు, ఒకరు కొట్టేవారు. వెనెతా కాగితం చేతిలోకి తీసుకుని తనే పైకి చదవసాగింది. నాలుగు అక్షరాలు చదివేసరికి ఖాళీ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఆపేసింది. తలెత్తితే తెర మూల చిన్న గుర్తు కనిపించింది. తెమెనుగకు రాసినప్పుడు బల్గేరియన్ అక్షరాలకు మార్చిన కీబోర్డును మళ్లీ ఇంగ్లిషుకు మార్చలేదు. చుక్కల వెనకాల ఏ లిపి ఉందో కంటికి తెలియదు కదా.

“లాచెజార్, మన అక్షరాల్లో కొట్టానురా.”

అవతల నవ్వు వినిపించింది. “ఇవాళ కూడా వాటికి తలుపు తియ్యలేదంటే ఆ పెట్టెకి బొత్తిగా మర్యాద లేదక్కా.”

ఈసారి ఒకటో అడాప్టరు కలిసింది. తర్వాత పెట్టె కూడా సర్వరుకు తనను తాను రుజువు చేసుకునేలా రెండో రహస్య పదం పెట్టారు. ఆ వెంటనే రెండో అడాప్టరు. పన్నెండయ్యేసరికి అన్నీ సరిగ్గా నడుస్తున్నాయి.

“అక్కా, ఒక మాట. శుక్రవారంతో ఇక్కడ మానేస్తున్నా. మా ఆవిడ వాళ్ల ఊరు వర్నా వెళ్లిపోతున్నాం. ఇకమీదట నువ్వు ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తుతారు.”

“మంచిదేగా. సముద్రం పక్కన ఉంటారు.” పని నమోదు చేసే పత్రం ముందుకు లాక్కుంది. “సరిచూసినవారు అని ఇక్కడ ఒక గడి ఉంది. రెండేళ్లుగా ఖాళీగా వదిలేస్తున్నా. నీ ఇంటిపేరేమిటి?”

“గోచెవ్. ఆరేళ్ల తర్వాత అడిగావా?”

“అవసరం పడలేదు.”

రాసింది. ఇద్దరూ ఫోన్ పెట్టలేదు.

“ఆఫీసులో ఇంకెవరన్నా ఉన్నారా?” అని అడిగింది.

“లేరక్కా. పండుగ కదా. నీ దగ్గర?”

“లేరు.”

చివరికి అతనే ఫోన్ పెట్టేశాడు.

ఇంటికి వెళ్లాల్సింది పోయి వెనెతా మెట్లు దిగి ఎక్స్‌రే గదికి వెళ్లింది. డాక్టరు తల తిప్పి చూసింది.

“ఏంటి, మళ్లీ ఏమన్నా పాడయిందా?”

“లేదండీ. బొమ్మలు బాగా వస్తున్నాయో లేదో చూద్దామని.”

“వస్తున్నాయి. ఇదిగో, బామ్మగారి మణికట్టు. ఈ సన్నటి గీత చూడు, అదే విరిగింది.”

వెనెతాకు ఏ గీతా కనిపించలేదు. అయినా డాక్టరు పక్కనే నిలబడి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.