పన్ను సమస్యలు పరిష్కరించబడును

"కాదండీ, నేను చూసే పన్ను వేరు. మీరు పైకి వెళ్ళండి."

పొద్దుటి నుంచి ఈ మాట అనడం నాలుగోసారి. దవడ వాచిన ముసలావిడ గుమ్మం మీది బోర్డును మళ్ళీ చదివింది: పన్ను సమస్యలు పరిష్కరించబడును.

"మరి అలా రాసుకోవడం దేనికయ్యా?" అని సణుగుతూ పై అంతస్తులోని పళ్ళ డాక్టరు దగ్గరకు మెట్లెక్కింది.

బోర్డు మార్చాలని, జనం పన్ను లెక్కలు రాసిపెట్టే ఆయన పదకొండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. విసుగ్గా వచ్చి, అరిగిన దిండు సర్దుకుని కుర్చీలో కూలబడ్డాడు. తీరా ఇవాళ ఆయనకే ఎడమ దవడ లాగుతోంది. బయలుదేరేటప్పుడు భార్య అననే అంది.

"ముందు మీ పన్ను చూపించుకోండి. ఊళ్ళోవాళ్ళ పన్నులెక్కడికీ పారిపోవు."

"ఇవాళ పారిపోతాయే. లెక్కలు పంపడానికి ఆఖరి రోజు."

వస్తూ వస్తూ పైన చీటీ మాత్రం తీసుకున్నాడు. పద్నాలుగో నంబరు, సాయంత్రం ఆరింటికి.

మూడింటికి దర్జీ అమ్మాయి వచ్చి బల్ల మీద బిస్కెట్ల డబ్బా బోర్లించింది. బిల్లులతో పాటు గుండుసూదులూ రాలాయి. ఒకటి ఆయన వేలికి గుచ్చుకుంది.

"ఏడాది కాగితాలు ఇవాళా తెచ్చేది? నిన్న ఏం చేస్తున్నావు?"

"కుడుతున్నా బాబాయిగారూ. ఐదులోపు లెక్కలు పంపిన రసీదు చూపించకపోతే బడి పిల్లల బట్టలు కుట్టే పని వేరేవాళ్ళకిచ్చేస్తారట."

ఆయన బిల్లులు కూడి, ఆమె పన్ను పత్రం కంప్యూటరులో నింపాడు. రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. పాన్ కార్డులో ఆమె పేరుకు బ్యాంకు పుస్తకంలో కంటే ఒక అక్షరం ఎక్కువ.

"ఎదురుగా కూర్చున్న మనిషిని పట్టుకుని లేదంటుందేమిటమ్మా ఇది! పుట్టించినవాడు కూడా ఇంత పట్టింపు పెట్టుకోడు కదా."

పేరు సరిచేసి మళ్ళీ పంపాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఊరుకోలేక చీటీ తిరగేసి పెన్సిలుతో ఏదో రాశాడు. ఫ్యాను కిందే చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. నొప్పి భుజంలోకి దిగింది.

"ఆ చెమటలేంటి బాబాయిగారూ? ఓసారి పైకెళ్ళి చూపించుకోండి."

"ముందు నీ పని కానీ. ఒక్క పన్నుకు నలుగురినీ ఆపుతానా?"

నాలుగూ నలభైకి రసీదు వచ్చింది. ఆమె చేతిలో పెట్టి, "పరుగెత్తు" అన్నాడు. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్ళిపోయింది. ఆయన గోడ మీది దేవుడి పటానికి దణ్ణం పెట్టి, ఒక్క నిమిషమని బల్ల మీద తల వాల్చాడు.

ఆరింటికి పైనుంచి పద్నాలుగో నంబరును రెండుసార్లు పిలిచారు. తర్వాత పళ్ళ డాక్టరే దిగి వచ్చాడు. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది పన్ను నొప్పి కాదు. గుండె" అన్నాడు నెమ్మదిగా.

నాలుగో రోజున గదికి తాళం వేయడానికి భార్య వచ్చింది. బల్ల మీద కళ్ళద్దాల కింద ఆ చీటీ ఉంది. దాని వెనక, ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా, గుండ్రటి దస్తూరీ: 'ఇక్కడ ఆదాయపు పన్ను మాత్రమే. పళ్ళ నొప్పికి పైకి వెళ్ళండి.'