పిన్ని బొటనవేలికి సరిపడా

నేను ఒక బటన్‌ని. చొక్కాకి కుట్టేదాన్ని కాదు, గోడకి బిగించేదాన్నీ కాదు. మీరు ఫోనులో ఏదో వీడియో పెట్టుకుని హాయిగా చూడబోతుంటే మధ్యలో ఒక ప్రకటన ఊడిపడుతుంది చూడండి, అప్పుడు కింద కుడిమూలన 'దాటవేయి' అంటూ కనిపిస్తానే, ఆ బటన్‌ని. నన్ను చూడగానే మీకు ప్రాణం లేచివస్తుంది. నొక్కిన మరుక్షణం నా ఊసే ఉండదు. ఇంతమంది ఇంత ఆత్రంగా వెతుక్కుని ఇంత తొందరగా మరిచిపోయే వస్తువు ఇంకొకటి ఉంటుందని నేననుకోను. పోనీలెండి, అలవాటైపోయింది.

నేను పుట్టిన కంపెనీ పేరు చెప్పను. చెబితే అదీ ప్రకటనే అవుతుంది. హైదరాబాదులో మాదాపూర్ వైపు ఒక అద్దాల మేడ అని మాత్రం అనుకోండి. నన్ను మొదట తయారుచేసిన మహానుభావుడెవరో నాకు తెలియదు. అప్పట్లో గోరులో సగం ఉండేదాన్ని. ఒంటిమీద వెలిసిపోయిన బూడిద రంగు. నన్ను ఆనుకునే 'ఇప్పుడే కొనండి' అనే ఇంకో బటన్ ఎర్రగా, బొద్దుగా కూర్చుని ఉండేది. నన్ను నొక్కబోయి దాన్ని నొక్కినవాళ్ళే ఎక్కువ. అలా జారిన వేళ్ళన్నిటికీ మావాళ్ళు పెట్టిన పేరు 'ఆసక్తి'.

కొన్నాళ్ళకి జనం విసిగిపోయారు. విసిగితే కంపెనీకి పట్టదు గానీ, వీడియో కట్టేసి లేచిపోతే పడుతుంది. అందుకని కాన్ఫరెన్సు గదిలోకి సమోసాలు తెప్పించి, 'ప్రేక్షకుల కోసం ప్రకటనలను మెరుగుపరచడం' అనే పేరుతో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. దానికి పెద్ద శశాంక్. తెలివైనవాడు, మంచివాడు కూడా. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. నన్ను కొత్తగా తయారుచేసే పనిని అతను వారిజకి అప్పజెప్పాడు. ఫోను తెర మీద ఏది ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో గీసి నిర్ణయించడమే ఆమె ఉద్యోగం.

వారిజ ఇంట్లో ఆమె పిన్ని సత్యవేణి ఉండేది. తెనాలిలో మగ్గం వర్క్ షాపు ఆవిడది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూది పట్టుకుని, పెళ్ళికూతుళ్ళ జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టేది. తల్లి పోయిన వారిజను పెంచి చదివించింది ఆ సూదే. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వారిజ షాపుకి తాళం వేయించి ఆవిడను మియాపూర్‌లోని తన ఫ్లాటుకి తెచ్చుకుంది. మొదటి కొన్ని నెలల్లో ఎంత సాధన చేస్తే అంత తిరిగివస్తుందని, ఆ తర్వాత కష్టమని డాక్టరు చెప్పాడు. మాట బాగానే ఉంది, నడకా వచ్చేసింది. రావలసినవి ఆ రెండు వేళ్ళే. అవి కలిసి సూదిని పట్టుకుంటే పిన్ని తెనాలి వెళ్ళిపోతుంది, లేకపోతే లేదు.

రోజూ పొద్దున కాఫీ తాగాక ఆవిడ ఫోనుని స్టీలు డబ్బాకి ఆనించి, చేతి వ్యాయామాల వీడియో పెట్టుకునేది. అందులో తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి 'పిడికిలి మెల్లగా విప్పండి, అలాగే పట్టి ఉంచండి' అనేది. పట్టి ఉంచగానే ప్రకటన వచ్చిపడేది. గాల్లో ఎత్తిన చెయ్యి వణుకుతూ ఉండగా పళ్ళపొడి గురించి, ప్లాట్ల గురించి వినాలి. నన్ను నొక్కుదామని పిన్ని కుడిచేత్తోనే ప్రయత్నించేది. వేలు తిన్నగా వెళ్ళి ఎర్రబటన్ మీద పడేది. వ్యాయామం పోయి దుకాణం తెరుచుకునేది.

వారిజ అది చూసింది. కొత్త నమూనాను ఫోనులో పెట్టుకుని ఇంటికి తెచ్చి పిన్ని ముందు పెట్టింది. "పిన్నీ, ఇది నొక్కు" అనడం, వేలు తప్పితే నన్ను ఇంకాస్త పెద్దది చేయడం, మళ్ళీ నొక్కమనడం. ఎర్రబటన్‌ని అటు చివరికి తోసేసింది. నాకు ముదురు నీలంరంగు వేసింది. చివరికి వణికే ఆ బొటనవేలు ఎటు పడినా నా మీదే పడేంతవరకూ నన్ను పెంచింది. కొలత కుదిరిన రోజు పిన్ని అన్న మాట నాకింకా గుర్తుంది.

"జాకెట్టుకి కొలత తీసుకున్నట్టు తీసుకున్నావు కదే! ఇక నా వేలు ఎట్టా వచ్చినా సరిపోద్ది."

నా జీవితంలో నాకు దక్కిన గౌరవం అదొక్కటే. ఆ కొలతతోనే నేను లక్షల ఫోన్లలోకి వెళ్ళాను. తడిచేతుల వాళ్ళు, బస్సులో నిలబడ్డవాళ్ళు, కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయినవాళ్ళు అందరూ నన్ను సునాయాసంగా నొక్కారు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. వారిజకి ఒక గాజు జ్ఞాపిక ఇచ్చారు.

పిన్ని నన్ను నొక్కడాన్నే ఒక వ్యాయామం చేసుకుంది. మొదట్లో ఆ వేలు కదిలి నా దాకా వచ్చేసరికి ప్రకటన తనంతట తనే అయిపోయేది. "పోయింది చూడు దొంగది, నా చేతికి చిక్కకుండా" అని నవ్వేది. ప్రకటనలే రాకుండా డబ్బు కట్టేస్తానని వారిజ అంటే ఒప్పుకోలేదు. ఎడమచేత్తో నొక్కమన్నా ఒప్పుకోలేదు.

"ఎడంచేత్తో నొక్కేదానికైతే నాకెందుకే ఈ తంటా? ఈ ప్రకటన వస్తేనే నా వేలు లేస్తంది. దాని మీద కోపమే నాకు మందు."

నిజంగానే మందులా పనిచేసింది. రోజురోజుకీ వేలు కొంచెం ముందుగా వచ్చేది. నేను ఎదురుచూసేదాన్ని. వస్తువులకి ఎదురుచూపు ఉండదని మీరనుకోవచ్చు, అనుకోండి. ఆ వంకర వేలు ఊగుతూ, ఆగుతూ నా మీదికి దిగుతుంటే మిగతా లక్షల వేళ్ళని నేను పట్టించుకునేదాన్నే కాదు.

ఇక్కడ మనుషుల తెలివి గురించి కాస్త చెప్పాలి. నన్ను అందరూ సులువుగా నొక్కేస్తుంటే ప్రకటనలిచ్చేవాళ్ళు పెదవి విరిచారు. శశాంక్ మళ్ళీ సమోసాలు తెప్పించాడు. ఎవరు ఎంతసేపటికి నన్ను నొక్కుతున్నారో లెక్క తీయించాడు. బటన్ ఎదురుగా కనిపిస్తున్నా చాలాసేపు నొక్కనివాళ్ళు కొందరున్నారని తేలింది. వాళ్ళకి 'ఓపిక గల ప్రేక్షకులు' అని పేరు పెట్టాడు.

"నొక్కడం లేదంటే వీళ్ళకి యాడ్స్ నచ్చుతున్నట్టే కదా. ఇలాంటివాళ్ళకి ఇంకొన్ని చూపిద్దాం, వాళ్ళ అభిరుచికి తగ్గవి. బటన్ అక్కడ ఉండటం వాళ్ళకి ఉత్త అడ్డం."

వారిజ ఒప్పుకోలేదు. చేతులు సరిగా ఆడనివాళ్ళు కూడా వీళ్ళలో ఉంటారని అంది. ఫోను దూరంగా పెట్టుకున్నవాళ్ళు, పిల్లని ఎత్తుకున్నవాళ్ళు ఉంటారని అంది. శశాంక్ శ్రద్ధగా విన్నాడు. శ్రద్ధగా వినడంలో అతన్ని మించినవాడు లేడు.

"నిజమే వారిజా. కానీ ఎవరు ఎందుకు నొక్కలేదో మనకెలా తెలుస్తుంది?"

"వాళ్ళనే అడుగుదాం" అంది వారిజ. ప్రకటన తర్వాత తెర మీద ఒక్క ప్రశ్న, 'ఈ ప్రకటన మీకు నచ్చిందా?' అని. నచ్చింది, నచ్చలేదు, రెండే జవాబులు. విసిగిపోయిన జనం నిజం చెబుతారని, ఆ దెబ్బతో ఈ ఆలోచన మూలపడుతుందని ఆమె నమ్మకం. ఆ ప్రశ్నను తనే స్వయంగా గీసింది. మర్యాదగా ఉండాలని 'దయచేసి చెప్పండి' అని కూడా చేర్చింది.

అప్పటికే పిన్ని ఓపిక గలవాళ్ళ జాబితాలో ఉంది. ఆవిడకి ప్రకటనలు ఎక్కువయ్యాయి, పొడవయ్యాయి. అభిరుచికి తగ్గవి కూడా వచ్చాయి. మగ్గం పని చేసే మనిషని ఫోను ఎలా పసిగట్టిందో గానీ, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ప్రకటన రోజూ తెచ్చి చూపించేది. వారం పట్టే జాకెట్టు గంటలో తయారంటూ ఒకాయన కేకలు పెట్టేవాడు. పిన్ని ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఆ మిషన్ వైపు చూసేది. ఒకరోజు అది అయిపోగానే వారిజ గీసిన ప్రశ్న వచ్చింది.

పిన్ని దాన్ని కూడబలుక్కుని చదువుకుంది. జీవితమంతా షాపులో కూర్చున్న మనిషి. ఎవరైనా గుడ్డ తెచ్చి, "ఎట్టా ఉందక్కా రంగు?" అని అడిగితే, ఎంత పాడు రంగైనా బాగాలేదని ఏనాడూ అనలేదు. తెచ్చినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని ఆవిడ భయం. ఇక్కడా ఎవరో దయచేసి చెప్పమంటున్నారు. నానా తంటాలు పడి వేలిని 'నచ్చింది' మీదికి చేర్చి నొక్కింది. నేను పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోక ఏం చేస్తాను?

పిన్ని లాంటివాళ్ళు మన దేశంలో తక్కువా? ఓపిక గలవాళ్ళలో చాలామంది నచ్చిందనే చెప్పారు. ఆ ఫలితం గోడ మీద తెరకెక్కించి శశాంక్ వారిజను మెచ్చుకున్నాడు. ఇంత మంచి ప్రశ్న వేయకపోతే ప్రేక్షకుల మనసు మనకి తెలిసేదే కాదన్నాడు. వాళ్ళ తెరల మీద నుంచి బటన్ తీసేద్దామా అని అందరినీ అడిగాడు. చేతులు లేచాయి. తన ప్రశ్నకి వచ్చిన జవాబునే వారిజ ఎలా కాదంటుంది? ఆమె చెయ్యి కూడా లేచింది, అందరికన్నా ఆలస్యంగా.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పిన్నిని అడిగింది.

"నచ్చిందా అని ఒక ప్రశ్న వచ్చిందా పిన్నీ? ఏం నొక్కావు?"

"నచ్చిందనే నొక్కా. పాపం, అంత మర్యాదగా అడిగితే బాగాలేదని ఎట్టా అంటామే?"

వారిజ బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. మర్నాడు శశాంక్ దగ్గరికి పరుగెత్తి, అవన్నీ మొహమాటం జవాబులని, తన పిన్నే సాక్ష్యమని చెప్పింది. అతను ఎంతో బాధపడ్డాడు. "కానీ ఆవిడ కూడా నచ్చిందనే అన్నారు కదా" అని నెమ్మదిగా అన్నాడు. మార్పు ఎలాగూ దసరా తర్వాతే కాబట్టి అప్పటిదాకా ఆలోచిద్దామన్నాడు. ఈలోగా పిన్ని ఫోనుకి డబ్బు కట్టేసి ప్రకటనలు ఆపించాలని వారిజ అనుకుంది. అనుకుంటూ ఉండగానే కంపెనీవాళ్ళు ఉత్సాహం ఎక్కువై ఆ మార్పును దసరాకి ముందే ఫోన్లలోకి వదిలేశారు.

నన్ను తుడిచేస్తారనుకున్నాను. అలా చేసినా బాగుండేది. బటన్‌ని పూర్తిగా తీసేస్తే తెర అమరిక చెదురుతుందట. అందుకని ఉన్నచోటే ఉంచి, రంగు తీసేసి, పని చేయకుండా కట్టిపడేశారు. ఓపిక గలవాళ్ళ ఫోన్లలో నేను ఇప్పటికీ ఉన్నాను. మీకు కనిపించను, అంతే.

ఆదివారం పొద్దున వారిజ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. పిన్ని కళ్ళజోడు లేకుండానే వీడియో పెట్టుకుంది. ప్రకటన మొదలైంది, ఆ మిషన్ ఆయనే. పిన్ని బొటనవేలు ఎత్తింది. వణకలేదు. మొదటిసారిగా ఎక్కడా ఆగలేదు, ఊగలేదు. గాల్లోంచి తిన్నగా దిగి, అలవాటైన చోట గట్టిగా, ఒక్క నొక్కు నొక్కింది. సరిగ్గా నా నడినెత్తిన నొక్కింది. సూదిని పట్టుకోగల నొక్కు అది. ఆ బలం నాకు తెలిసింది.

ప్రకటన ఆగలేదు. పిన్ని మళ్ళీ నొక్కింది. ఆ తర్వాత వేలిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. ఇంకోసారి నొక్కింది. మిషన్ ఆయన కేకలు పెడుతూనే ఉన్నాడు.

"వారిజా, ఇట్రావే! నా వేలు మళ్ళీ పడిపోయిందే. నొక్కుతుంటే తగలడంలా."

వారిజ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. తెర చూడగానే ఆమెకి అర్థమైంది.

"నీ వేలు బాగానే ఉంది పిన్నీ. బటనే లేదు. తీసేశారు."

"నా కొలతకి నువ్వు చేసిందాన్ని, నిన్ను అడక్కుండా ఎవరు తీస్తారే?"

వారిజ చూపు తిప్పుకుని, తడిచేతులు చున్నీకి తుడుచుకుంది. పిన్ని ఆమె ముఖంలోకి చూసి, జాలిగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా మనసు కష్టపెట్టకూడదని చెప్తన్నావు. నాకు తెలుసులే. ఇన్నాళ్ళు వచ్చినట్టే వచ్చింది, ఇక రాదు. ఆ తెనాలి షాపు ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పు."

ఎడమచేత్తో ఫోనుని బోర్లా తిప్పి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. వారిజ ఆమె వెనకాలే వెళ్ళి ఏదేదో చెప్పడం వినిపించింది. పిన్ని ఆమెను ఓదార్చడమూ వినిపించింది. నేను బల్లకి ముఖం ఆనించి ఉండిపోయాను. ప్రకటన తనంతట తనే అయిపోయింది. తెల్లకోటు అమ్మాయి తిరిగి వచ్చి, "శభాష్, ఇప్పుడు బొటనవేలు మళ్ళీ పైకెత్తండి" అంది.