మెట్లెక్కిన బెంచీ

లాంగ్‌వే రేవులో ఎవరింట్లో కూర మాడినా, అది ఎవరిల్లో కనుక్కునేదాకా సూలాన్‌కు ముద్ద దిగదు. రేవు బజారులో ఆమెకు గొడుగులూ రైన్‌కోట్లూ అమ్మే దుకాణం ఉంది. తైవాన్ ఈశాన్యపు ఒడ్డున ఎండ కన్నా వానే ఎక్కువ. జనం తలదాచుకోవడానికి వచ్చి, నాలుగు కబుర్లు ఆమెకిచ్చి, ఒక గొడుగు కొనుక్కుపోతుంటారు. ఆ ఏడు ఊరి సేవా సంఘానికి ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఎన్నుకోవడమంటే, మిగతావాళ్లంతా ఒకసారి చేసేశారు, ఇక ఆమె వంతొచ్చింది.

జులైలో పాత అధ్యక్షుడు కిమ్‌సుయ్ తన మెడలోని పతకాల గొలుసు తీసి ఆమె మెడలో వేశాడు. కిమ్‌సుయ్‌ది హార్డ్‌వేర్ షాపు. మనిషి కూడా మేకులాంటివాడే, ఒకసారి దిగితే ఊడి రాడు.

“చూడమ్మా సూలాన్, బియ్యం పంచితే తినేస్తారు. నాలుగు కాలాలు నిలిచేది ఏదైనా చెయ్యి,” అన్నాడు.

“నువ్వు చేపల మార్కెట్లో పెట్టించిన గడియారం నిలిచిందిగా అన్నయ్యా!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ గడియారం పెట్టిన నెలకే ఆగిపోయింది. కిమ్‌సుయ్ తప్ప అందరూ నవ్వారు.

సూలాన్ బెంచీ వేయిద్దామంది. రేవు దగ్గర బస్ స్టాప్‌కు పైన రేకు ఉంది గానీ కూర్చోవడానికి ఏమీ లేదు. ముసలివాళ్లు బుట్టలు పక్కన పెట్టుకుని గొంతుక్కూర్చుంటారు. దయ్యాలు ఊళ్లో తిరిగే నెల, కొత్త పని వద్దు, అది దాటనివ్వమని పెద్దలు చెప్పినా ఆమెకు ఆగబుద్ధి కాలేదు. ఇనుప కాళ్లూ చెక్క పలకలూ ఉన్న ఆకుపచ్చ బెంచీ ఆగస్టులో వచ్చింది. దాని వీపు మీద ‘లాంగ్‌వే సేవా సంఘం కానుక’ అని తెల్లరంగుతో రాయించారు. సభ్యులంతా పసుపు చొక్కాలు వేసుకుని ఫొటో దిగారు.

వారం తిరగలేదు, బెంచీ మాయమైంది. వెతికితే రోడ్డుకవతల, కొండమీదికి మెట్లు మొదలయ్యేచోట, భూదేవుడి చిన్న గుడి పక్కన కనబడింది.

“తాగినవాళ్ల పని,” అన్నాడు కిమ్‌సుయ్. ఇద్దరు మనుషుల్ని పెట్టి మోయించి మళ్లీ రేకు కిందికి చేర్చాడు.

చంద్రుడి పండగకు వీధి వీధంతా మాంసం కాల్చుకుంటూ కూర్చుంది. మర్నాటికి బెంచీ మెట్లు కొంత ఎక్కి, మూతబడ్డ మంగలి షాపు ముందున్న అరుగు మీద ఉంది. కిమ్‌సుయ్ మళ్లీ కిందికి మోయించాడు.

“దయ్యాలే అక్కా,” అన్నాడు చేప ఉండల పులుసు అమ్మే అపెంగ్. “వద్దన్న నెలలో వేశావు. వాటికీ కాళ్లు పీకుతాయిగా.”

“దయ్యాలకి పాదాలే ఉండవంటారు, ఇక పీకేదేంట్రా?” అంది సూలాన్. అపెంగ్ పులుసులో గరిటె తిప్పుతూ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు. ఏదో తెలిసినవాడి నవ్వది.

అక్టోబరులో తుఫాను వచ్చింది. పడవలు తాళ్లు తెంపుకున్నాయి, రెండు షాపుల రేకులు సముద్రంలోకి పోయాయి. గాలి తగ్గగానే సూలాన్ బస్ స్టాప్‌కు పరుగెత్తింది. బెంచీ లేదు. సముద్రం పాలైందనుకుని మెట్లకేసి చూస్తే, మంగలి అరుగుకు కూడా పైన, మలుపు దగ్గర, ఏదో నీలంగా కనబడింది. ఎక్కి చూసింది. బెంచీకి నీలం టార్పాలిన్ చుట్టి, ఇనుప కటకటాలకు జాలర్ల ముడితో బిగించి కట్టారు. టార్పాలిన్ ఆమె అమ్మిందే, కానీ అలాంటివి సగం ఊరికి అమ్మింది.

ఆమె ఆ తడి మెట్ల మీద నిలబడి చాలాసేపు ఆలోచించింది. దొంగిలించేవాడు ఇంటికి పట్టుకుపోతాడు. అల్లరివాడు సముద్రంలో పడేస్తాడు. గాలివానలో వచ్చి కన్నబిడ్డకు కప్పినట్టు కప్పి పోయేవాడెవడు?

కిమ్‌సుయ్ ఆలోచనలు పెట్టుకోలేదు. బెంచీని దింపించి, నేలలో సిమెంటు పోసి, నాలుగు కాళ్లకూ బోల్టులు బిగించాడు. “ఇప్పుడు కదలమను!” అని చేతులు దులుపుకున్నాడు.

అది కదిలింది. నవంబరు చివర్లో ఒక ఉదయం బస్ స్టాప్‌లో నాలుగు కన్నాలూ, వాటి పక్కన ఒక బిస్కెట్ల డబ్బా మిగిలాయి. డబ్బాలో నట్లూ బోల్టులూ వాషర్లూ నూనె రాసి సర్ది ఉన్నాయి. బెంచీ తుఫానునాటి మలుపు కన్నా మరికొంచెం పైన, జామచెట్టు పక్కన ఉంది.

కిమ్‌సుయ్ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. “వీడెవడో పని తెలిసినవాడే,” అన్నాడు. కోపంలో కూడా ఆ గొంతులో కొంచెం మెప్పు వినబడింది.

సూలాన్‌కు మాత్రం అప్పుడు వేరే సంగతి తట్టింది. బెంచీ ఎన్నడూ పక్కకు పోలేదు. కిందికి దించినప్పుడల్లా, మునుపటి చోటు కన్నా కాస్త పైకే చేరింది. మరి ఎక్కడికి పోతోంది? పైన ఏముంది? చివరంటా పోతే నాలుగైదు ఇళ్లు, ఒక బావి, ఆపైన గడ్డి. ఈసారి దాన్ని దింపవద్దని అధ్యక్షురాలి హోదాలో ఆజ్ఞ వేసింది.

డిసెంబరులో రక్తదానం బస్సు వచ్చింది. మంచాల మీద పడుకున్నవాళ్లను పలకరించడం అధ్యక్షురాలి పని. సూది గుచ్చుకుని ఉన్నవాడు లేచిపోలేడు కదా అని ఆమె ఒక్కొక్కరి దగ్గరా స్టూలు వేసుకుని కూర్చుంది. పోస్టుమాను కళ్లు మూసుకున్నాడు. బడి వంటావిడ, “అమ్మో, కళ్లు తిరుగుతున్నాయి,” అంది. అపెంగ్ చొక్కా చెయ్యి పైకి మడిస్తే భుజం మీద నల్లగా కమిలిన గీత కనబడింది.

“ఇదేంట్రా?”

“గిన్నె తగిలిందక్కా.”

“బెంచీ కోడంత తిన్నగా ఉండే గిన్నెరా?”

“అక్కా, నా రక్తం తీసుకున్నారు, ప్రాణం కూడా తీస్తావా?” అన్నాడు అపెంగ్. చుట్టూ మంచాల మీదివాళ్లు ఒళ్లు కదలకుండా నవ్వడానికి అవస్థపడ్డారు. ఊరందరికీ తెలుసు, తనకు తప్ప. ఆ బాధ సూలాన్‌కు రక్తం పోయినదానికన్నా ఎక్కువైంది.

చాంద్రమాన కొత్త సంవత్సరం ముందు సంఘం ఒంటరి ముసలివాళ్లకు బియ్యం, ఎండు నూడుల్స్ పంచుతుంది. ఆ ఏడు మెట్ల వీధి వంతు సూలాన్ అడిగి తీసుకుంది. తుంపర పడుతోంది. జామచెట్టు దాటి రెండు మలుపులెక్కేసరికి ఆమెకు ఆయాసం ముంచుకొచ్చింది. సంచులు ఎక్కడ దించాలా అని చూస్తే, సరిగ్గా ఎదురుగా ఆకుపచ్చ బెంచీ. దాని మీద గొడుగు కింద పావ్‌చూ మామ్మ కూర్చుని ఉంది. పక్కన ఆమెకు ఫ్లాస్కులోంచి అల్లం నీళ్లు పోస్తున్నది మేయున్, కిమ్‌సుయ్ భార్య.

మేయున్ ఫ్లాస్కు వెనక్కి దాచబోయింది. “అమ్మయ్యో! నువ్వా వదినా!”

“నేనే. దయ్యాన్ని కాదు.” సూలాన్ సంచులు దించి వాళ్ల మధ్యన చతికిలబడింది. “చెప్పండి ఇక. చెప్పకపోతే ఇక్కడే చస్తాను, మీకు ఇంకో మోత తగులుతుంది.”

పావ్‌చూ మామ్మ రేవులో ఒక అద్దె గదిలో ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆమె పక్కన నిలబడి ఏళ్ల తరబడి అవే చేపలు కోసిన యిన్‌హువా కొండ చివరింట్లో ఉంటుంది. యిన్‌హువాకు ఊపిరితిత్తులు పాడై కిందికి దిగలేదు. పావ్‌చూకు మోకాళ్లు అరిగి పైకి ఎక్కలేదు. కిందటి వేసవిలో మోకాలికి ఆపరేషన్ చేశాక డాక్టరు, రోజూ కొంచెం కొంచెం నడువు, మధ్యలో కూర్చో, అన్నాడు.

“కూర్చోడానికేదే?” అంది మామ్మ. “మెట్ల మీద కూర్చుంటే లేవలేను. ఇంతలో మీరు బెంచీ వేశారు. గుడి దాకా తెచ్చిపెట్టరా అని అపెంగ్‌ని నేనే అడిగా. ఆ మెట్లు అలవాటయ్యాయి. ఇంకాస్త పైకి జరపమన్నాను. అందరూ తలో చెయ్యీ వేశారు.”

“మాకొక్క మాట చెప్పొచ్చుగా మామ్మా?”

“మీకు చెప్తే మీటింగు పెడతారు,” అంది మామ్మ. “తీర్మానం అంటారు, మున్సిపాలిటీ వాళ్లనడగాలంటారు. ఈలోగా నేను పోతాను. అప్పుడు దండ తెస్తారు, దాని మీద మీ సంఘం పేరు రాసి.”

సూలాన్‌కు అందులో తప్పుపట్టడానికేమీ దొరకలేదు. మేయున్ వైపు తిరిగింది. “బోల్టులు?”

“నేనే వదినా. ఆయన మధ్యాహ్నం పడుకున్నప్పుడు షాపులోంచి పానా తెచ్చా,” అంది మేయున్. “ఆయనతో అనకు, నీకు పుణ్యముంటుంది.”

ఆ రోజు నుంచి సూలాన్ కూడా మోసేవాళ్లలో చేరింది. ప్రతి నెలా మీటింగులో కిమ్‌సుయ్ లేచి, మెట్ల వీధిలో కెమెరా పెట్టించాల్సిందే అనేవాడు. ఆమె గంభీరంగా గొలుసు సర్దుకుని, “ముఖ్యమైన విషయం. తొందరపడకూడదు. వచ్చే నెల చూద్దాం,” అనేది. కిమ్‌సుయ్ పక్కన కూర్చున్న మేయున్ వేరుశనగలు ఒలుస్తూ తల ఎత్తేది కాదు.

ఏప్రిల్లో సమాధులు శుభ్రం చేసే పండగ వెళ్లాక మామ్మకు జలుబు చేసి ఛాతీలోకి దిగింది. బెంచీ ఒకేచోట ఉండిపోయింది. పలకల మీద నాచు పట్టింది. సూలాన్ రోజూ దుకాణం ముందుకొచ్చి కొండకేసి చూసేది. ఎవరు గొడుగు కొనడానికొచ్చినా మాట అక్కడికే పోయేది: “మామ్మ లేచిందా?” మే నెలలో ఒక పొద్దున అపెంగ్ ఈల వేసుకుంటూ వచ్చి, భుజం చూపించాడు. కొత్తగా కమిలింది. సూలాన్ అతనికో రైన్‌కోటు ఊరికే ఇచ్చేసింది.

జూన్‌లో చిక్కొచ్చింది. చివరి మలుపు ఇరుకు. అటు రాతిగోడ, ఇటు నూతి గట్టు. బెంచీని నిలబెట్టినా పడుకోబెట్టినా తిరగలేదు. విప్పి, పైన మళ్లీ బిగించాలి. కాళ్ల దగ్గరి మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. అవి విప్పగలిగిన మనిషి ఊళ్లో ఒక్కడే.

సూలాన్, మేయున్ కలిసి హార్డ్‌వేర్ షాపుకెళ్లారు. మేయున్ తలొంచుకుని సంగతంతా చెప్పింది. కిమ్‌సుయ్ వింటూ ఒక మేకుల పెట్టెలో వేళ్లు పెట్టి కలుపుతూ ఉండిపోయాడు.

“నా పానాతోనా?” అన్నాడు చివరికి.

“ఊఁ.”

“తుడిచి పెట్టావా?”

“తుడిచే పెట్టా.”

“ఏడాదంతా నాకు అన్నం వడ్డిస్తూ, నేను ఆ దొంగని తిడుతుంటే...”

“తిట్టినప్పుడల్లా ఒక గరిటె తక్కువే వడ్డించా.”

కిమ్‌సుయ్ నవ్వలేదు. లోపలికెళ్లాడు. ఇక రాడేమోనని ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. కొంతసేపటికి పానాల సంచీ, నూనె సీసా పట్టుకుని బయటికొచ్చాడు. “ముందే అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణిగా,” అని గొణిగాడు.

“వద్దనేవాడివి,” అంది మేయున్.

అతను కొంచెం ఆలోచించి, “అవున్లే,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. అపెంగ్, పోస్టుమాను, బడి వంటావిడ పలకలు మోశారు. కిమ్‌సుయ్ ఇనుప కాళ్లు తనే ఎత్తుకున్నాడు. మలుపు దాటాక మధ్యలో ఒకసారి బిగించారు, మామ్మ కూర్చుంది. మళ్లీ విప్పారు. ఆమె చంకలో పెద్ద గుడ్డసంచీ ఉంది. ఎవరడిగినా ఇవ్వలేదు. చివరి మెట్టు మీద కాలు పెట్టేసరికి, నీలి తలుపు గుమ్మంలో యిన్‌హువా మామ్మ, గొంతులో పిల్లి కూతలు పెట్టే ఊపిరితో, నిలబడి ఉంది.

“ఎంతసేపే? ముల్లంగి సూపు చల్లారిపోయింది.”

“చల్లారితే వేడిచెయ్యి. నువ్వు మటుకు కిందికి రాగలిగావా?”

అంతే వాళ్ల పలకరింపు. ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని లోపలికి పోయారు. అందరూ గుమ్మం దగ్గర నిలబడిపోయారు.

సూలాన్‌కు దిగడం గుర్తొచ్చింది. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లకు కష్టం. లోపలికి తొంగిచూసి, “మామ్మా, సాయంత్రం కుర్చీలో మోసి దించుతాంలే, భయపడకు,” అంది.

పావ్‌చూ మామ్మ గుడ్డసంచీ మంచం మీద బోర్లించింది. రెండు జతల బట్టలు, పళ్లు తోముకునే బ్రష్షు, మందుల పెట్టె, పోయిన మొగుడి ఫొటో, ఇంటి చెప్పులు బయటపడ్డాయి.

“ఎవరు దిగుతామన్నారే?” అంది. “గది ఖాళీచేసి తాళం ఇంటివాళ్లకిచ్చేశా.”

సూలాన్ మంచం మీది చెప్పులకేసి చూసింది. ఏడాదిగా తను కనుక్కున్నాననుకున్నదంతా సగమేనన్నమాట! “ఇదే అయితే మామ్మా, మొదట్లోనే చెప్పుంటే ఒక్క పూటలో మోసుకొచ్చి దింపేవాళ్లం కదా!”

“మోసుకొస్తే మూటనవుతాను. మూటని ఎక్కడ పెడితే అక్కడ పడుంటుంది,” అంది పావ్‌చూ. “దీనింటికి నేను నా కాళ్ల మీద రావాలి. రేపు పోట్లాడుకున్నా, నేనొచ్చాను కాబట్టి నేనే ఉంటాను.”

“పోట్లాటకి రేపటిదాకా ఎందుకు? గోడవైపు మంచం నాది,” అంది యిన్‌హువా పొయ్యి దగ్గర నుంచి.

బయట కిమ్‌సుయ్ బెంచీని గుమ్మం పక్కన నిలిపి బిగించడం మొదలుపెట్టాడు. సూలాన్ ఇంకా కదల్లేదు. ఇంకొక్కటి తెలుసుకోకపోతే ఆమెకు ఆ పూట ముద్ద దిగేలా లేదు.

“ఇన్నాళ్లూ మీరిద్దరూ రోజూ ఫోన్లు చేసుకునేవాళ్లటగా. అంతంతసేపు ఏం మాట్లాడుకునేవాళ్లు మామ్మా?”

“మాటలేముంటాయే, ఉన్నవన్నీ ఫ్యాక్టరీలోనే అయిపోయాయి,” అంది పావ్‌చూ ఇంటి చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. “ఇది వంట చేసేటప్పుడు ఫోను పొయ్యి పక్కన పెట్టేది. ఆ చుయ్యిమనే చప్పుడు వింటూ నేను కింద అన్నం తినేదాన్ని.”

యిన్‌హువా మామ్మ బాణలిలో వెల్లుల్లి వేసింది. ఆ చప్పుడుకు పావ్‌చూ తల అటు తిప్పి నవ్వింది. అందర్నీ తినిపొమ్మన్నారు. ఆ ఇంట్లో ఉన్నవి రెండే గిన్నెలు. పోస్టుమాను కప్పులో, సూలాన్ గరిటెలో, మిగతావాళ్లు దొరికినదాంట్లో తిన్నారు. కిమ్‌సుయ్ బాణలి మూత తిరగేసి పట్టుకుని, గుమ్మం బయట బెంచీ మీద కూర్చుని, సూపు చాలా బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు.